ఆడియో సిస్టమ్‌కి విడి లైను లాగుతున్నాం: ఎర్త్ కూడా విడిగా దింపించాలా?

సాయంత్రం_రాగం

గది వైరింగ్ కోసం గోడలు చెక్కి ఉన్నాయి. వచ్చే వారం ఎలక్ట్రీషియన్ పైపులు వేసి పూడ్చేస్తాడు. ఆలోపే తేల్చుకోవాలని అడుగుతున్నాను.

నా దగ్గర ఉన్నవి: క్లాస్ ఏబీ ఇంటిగ్రేటెడ్ ఆంప్, అంటే ఆంప్లిఫయర్ (లోపల బాగా పెద్ద టొరాయిడ్, అంటే ఉంగరం ఆకారపు ట్రాన్స్‌ఫార్మర్), డాక్ (డిజిటల్ పాటని ఆంప్‌కి తగ్గ సిగ్నల్‌గా మార్చే పరికరం), దానికి డెస్క్‌టాప్ కంప్యూటర్ నుంచి యూఎస్‌బీ, నిలువు స్పీకర్లు ఒక జత. కంప్యూటర్ గదికి అవతలి మూలన, వేరే సాకెట్లో ఉంది. డీబీ (ఇంటి మెయిన్ స్విచ్ బోర్డు) నుంచి ఆంప్ దగ్గరికి వైరు దారి సుమారు 18 మీటర్లు.

ఇబ్బందులు రెండు. పాట ఆపాక కూడా స్పీకర్లోంచి సన్నగా గుయ్యిమని మోత వస్తుంది. వాల్యూమ్ పెంచినా తగ్గించినా తేడా లేదు. రెండోది, ఆంప్ డబ్బాయే మోగుతుంది. మూత మీద అరచెయ్యి ఆనిస్తే అదురు తెలుస్తుంది. అయితే ఇది ఎప్పుడూ ఉండదు, ఎక్కువగా పొద్దున పూట.

ఆంప్ అమ్మినాయన పవర్ కండిషనర్ (సప్లయ్‌లోని చెత్తని వడకట్టే డబ్బా), దానికి తగ్గ పవర్ కేబుల్ కొనమన్నాడు. ఆడియో పిచ్చి ఉన్న ఒక స్నేహితుడేమో "ఇంటి ఎర్త్ నిండా చెత్తే, ఆడియోకి విడిగా రాడ్ దింపించు" అంటున్నాడు. ఎలక్ట్రీషియన్‌ని అడిగితే "మీరు ఎలా చెబితే అలా" అన్నాడు. అసలు టెన్షన్ అక్కడే మొదలైంది. వైరు ఎంత మందం వేయించాలి? ఎర్త్ విడిగానా, కలిపేనా? కండిషనర్ అవసరమా?

గానలహరి

కండిషనర్ తీసుకోండి, ఆలోచించకండి. నేను పెట్టుకున్నాక పాటల మధ్య నిశ్శబ్దం ఇంకా లోతుగా అనిపించింది. చెవికి తెలిసిపోతుంది.

పాత_ప్యానెల్

లోతు సంగతి తర్వాత చూద్దాం. సాయంత్రం_రాగం గారూ, ముందు ఆ రెండు మోతల్ని విడదీయండి. ఒకటి స్పీకర్లోంచి వస్తోంది, ఇంకోటి ఇనప డబ్బాలోంచి. వాటి కారణాలు వేరు, మందులు వేరు. రెండింటికీ ఒకే మాత్ర ఇచ్చేవాళ్లని నమ్మకండి.

స్పీకర్ మోతకి పరీక్ష ఇది. ఆంప్ ఆపి, దాని వెనక ఇన్‌పుట్ కేబుళ్లన్నీ తీసేసి, స్పీకర్లు మాత్రం ఉంచి ఆన్ చేయండి. మోత అలాగే ఉంటే దోషం ఆంప్‌లోనే, రిపేరుకి పంపాలి. పోతే మళ్లీ ఆపి, డాక్ ఒక్కటే తగిలించండి, యూఎస్‌బీ వద్దు. ఆ తర్వాత యూఎస్‌బీ. ఏది తగిలించగానే మోత మొదలైందో దొంగ అక్కడున్నాడు. కేబుల్ తీసే ప్రతిసారీ ఆంప్ ఆపడం మరవకండి, ఆన్‌లో ఉండగా లాగితే వచ్చే ఠప్పుమనే దెబ్బకి ట్వీటర్లు (సన్నని స్వరాలు పలికే చిన్న స్పీకర్లు) పోవచ్చు.

ఫోన్‌లో స్పెక్ట్రమ్ (ఏ ఫ్రీక్వెన్సీ శబ్దం ఎంతుందో) చూపించే యాప్ ఉంటే స్పీకర్ దగ్గర పెట్టి చూడండి. సప్లయ్ 50 హెర్ట్జ్ అయితే, గీత ప్రధానంగా 50 దగ్గర నిలిస్తే ఎర్త్ లూప్‌నో (రెండు ఎర్త్ దారుల మధ్య కేబుల్ గుండా కరెంటు తిరగడం), ట్రాన్స్‌ఫార్మర్ అయస్కాంత క్షేత్రం కేబుల్లోకి దూరడాన్నో అనుమానించాలి. 100, 200, 300 దగ్గర పళ్లలా లేస్తే ఆంప్ లోపల ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్, ఫిల్టర్ కెపాసిటర్ల వైపు చూడాలి. రెండు రకాలూ కలిసి రావడమూ ఉంది, అందుకే కేబుళ్లు తీసి చూసే పరీక్షే ముఖ్యం.

డబ్బా మోతకి: అది మోగుతున్న సమయంలో ఇంట్లో ఏమేం నడుస్తున్నాయో రాసుకోండి. పొద్దున పూట అన్నారు కాబట్టి నాకో అనుమానం ఉంది, ఇప్పుడే చెప్పను.

వైరు సంగతి. 2.5 స్క్వేర్ ఎమ్ఎమ్ రాగి వైరుకి మీటరుకి సుమారు 7.4 మిల్లీఓమ్స్, 4 స్క్వేర్‌కి 4.6. మీ 18 మీటర్లు పోను రాను 36. అంటే మొదటిది 0.27 ఓమ్, రెండోది 0.17. ఆంప్ 5 ఆంపియర్ల (ఆంప్స్) కరెంటు లాగుతుంటే తేడా అర వోల్టు. 230లో అర వోల్టు ఏ చెవికీ తెలియదు. కాకపోతే ఆంప్ కరెంటుని సాఫీగా తీసుకోదు. ఏసీ అల (సైన్ వేవ్) శిఖరం దగ్గర లోపలి కెపాసిటర్లు ఒక్క గుక్కలో లాగుతాయి, ఆ క్షణం పడే కరెంటు సగటుకి ఎన్నో రెట్లు. గోడ ఎలాగూ తెరిచే ఉంది కాబట్టి 4 వేయించండి. డీబీ నుంచి నేరుగా, మధ్యలో ఎక్కడా అతుకు లేకుండా, ఫేజు, న్యూట్రల్, ఎర్త్ మూడూ కలిసి ఒకే పైపులో రావాలి. ఎంసీబీ (కరెంటు హద్దు దాటితే పడిపోయే స్విచ్) 16 ఆంప్స్, సి కర్వ్ రకం. పెద్ద టొరాయిడ్ ఆన్ అయిన క్షణంలో లాగే కరెంటుకి బి కర్వ్ ఊరికే పడిపోతుంటుంది.

మందం కంటే బిగింపు ముఖ్యం. డీబీలో న్యూట్రల్ బార్ స్క్రూలు ఒకసారి బిగించమనండి. నేను చూసిన బోర్డుల్లో వదులైన న్యూట్రల్ చేసిన హాని సన్నని వైరు చేసిన హాని కంటే చాలా ఎక్కువ. మోటారు ఏదైనా ఆన్ అయినప్పుడు ఒక గదిలో లైట్లు మసకబారి ఇంకో గదిలో వెలుగు పెరిగిందంటే ఆడియో సంగతి పక్కనపెట్టి వెంటనే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

ఎర్త్ విడిగా దింపించకండి. ఇంటి ఎర్త్ బార్‌కే కలపాలి.

రాగి_తీగ

పాత_ప్యానెల్ గారూ, చివరి మాటతో ఏకీభవించను. నేను విడి రాడ్ వేయించుకున్నాను, హాయిగా ఉంది. ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్త్‌లోకి లీకైతే సప్లయ్ ఆపే స్విచ్) ఉంది కదా, 30 మిల్లీఆంప్స్‌కే పడుతుంది. ఇంక ప్రమాదమేముంది?

పాత_ప్యానెల్

ఆర్‌సీసీబీ ఉండటం మంచిదే. అది లేదనుకుని లెక్క చూడండి. మట్టిలోకి దింపిన ఒక్క రాడ్ రెసిస్టెన్స్ 20 ఓమ్స్ ఉందనుకుందాం, ఎండిన నేలలో అంతకంటే ఎక్కువే ఉంటుంది. ఆంప్ లోపల ఫేజు ఊడి డబ్బాకి తగిలితే 230ని 20తో భాగించండి: 11.5 ఆంప్స్. 16 ఆంప్స్ ఎంసీబీకి అది మామూలు లోడు కిందే లెక్క, ఎన్ని గంటలైనా పడదు. సి కర్వ్ వెంటనే పడాలంటే 80 నుంచి 160 ఆంప్స్ కావాలి. ఈలోగా మీ ఆంప్ మూత మీద దాదాపు మొత్తం వోల్టేజీ కూర్చుని ఉంటుంది. అదే డబ్బా ఇంటి ఎర్త్‌కి వైరుతో కలిసి ఉంటే, ఆ ఎర్త్ సప్లయ్ న్యూట్రల్‌కి వైరుతోనే కలిసి ఉన్న ఇంట్లో, వందల ఆంప్స్ పారి ఎంసీబీ కళ్లు మూసి తెరిచేలోపు పడుతుంది. మీ ఇంట్లో ఇప్పుడు మిమ్మల్ని కాస్తున్నది ఆర్‌సీసీబీ ఒక్కటే. దాని టెస్ట్ బటన్ చివరిసారి ఎప్పుడు నొక్కారు?

ప్రమాదం పక్కన పెట్టినా, సాయంత్రం_రాగం గారి ఇంట్లో విడి రాడ్‌తో మోత తగ్గదు, పెరిగే అవకాశమే ఎక్కువ. డాక్ ఆడియో ఎర్త్ మీద, కంప్యూటర్ ఇంటి ఎర్త్ మీద ఉంటే, ఆ రెండు ఎర్త్‌ల మధ్య తేడా వోల్టేజీ యూఎస్‌బీ కేబుల్ గుండా పారుతుంది. దగ్గర్లో పిడుగు పడితే ఆ తేడా వేల వోల్టులకి చేరొచ్చు, అదీ ఆ చిన్న కేబుల్ గుండానే.

ప్లగ్గులో ఎర్త్ పిన్ తీసేయమనే సలహా కూడా ఎవరో ఒకరు ఇస్తారు. మోత పోతుంది, నిజమే. డబ్బా ముట్టుకున్నవాళ్లు పోయే వీలు కూడా ఉంటుంది.

సాయంత్రం_రాగం

చెప్పినట్టే చేశాను. కేబుళ్లన్నీ తీస్తే స్పీకర్లు పూర్తిగా నిశ్శబ్దం. డాక్ తగిలిస్తే కూడా నిశ్శబ్దమే. యూఎస్‌బీ గుచ్చగానే మోత మొదలు. యాప్‌లో 50 దగ్గర పెద్ద గీత.

డబ్బా మోత సంగతి విచిత్రంగా ఉంది. అది వచ్చినప్పుడల్లా ఇంట్లో ఎవరో హెయిర్ డ్రయర్ వాడుతున్నారు. అదీ తక్కువ స్పీడులో పెట్టినప్పుడే. ఫుల్ స్పీడులో పెడితే ఆంప్ నోరు మూసుకుంటుంది! ఎక్కువ కరెంటు లాగినప్పుడు కదా మోగాలి?

పాత_ప్యానెల్

నా అనుమానం అదే. చాలా డ్రయర్లలో తక్కువ స్పీడు అంటే లోపల ఒక డయోడ్, అంతే. సైన్ వేవ్‌లో సగాన్ని కోసేసి మిగతా సగంతో నడిపిస్తుంది. అంటే ఒకవైపు మాత్రమే కరెంటు లాగుతుంది. ఫుల్ స్పీడులో వెయ్యి వాట్లు తినే డ్రయర్ ఇలా సగం వేవ్ మీద నడిస్తే, అందులో సుమారు 2 ఆంప్స్ డీసీ కిందే లెక్క. సప్లయ్ వైరింగ్‌లో అర ఓమ్ ఉందనుకుంటే మీ సాకెట్ దగ్గర ఏసీ మీద దాదాపు ఒక వోల్టు డీసీ కూర్చుంటుంది. ఒక వోల్టే కదా అనిపిస్తుంది. కానీ టొరాయిడ్ కోర్‌లో గాలి సందు ఉండదు, ప్రైమరీ చుట్ట రెసిస్టెన్స్ కూడా చాలా తక్కువ. ఆ ఒక్క వోల్టుకే కోర్ ఒకవైపుకి ఒరిగి సాచురేట్ అయి (ఇంక అయస్కాంతత్వం పట్టలేని స్థితికి చేరి) గుర్రుమంటుంది.

విడి లైను వేస్తే కొంత తగ్గుతుంది, మొత్తం పోదు. డీబీ వెనక మెయిన్ వైరు ఇద్దరికీ ఉమ్మడే కదా. దీనికి డీసీ బ్లాకర్ అనే చిన్న సర్క్యూట్ ఉంది: ఎదురెదురుగా కలిపిన పెద్ద ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు, వాటికి అడ్డంగా బ్రిడ్జి రెక్టిఫయర్. అది మెయిన్స్ ఫేజు మీద కూర్చుంటుంది కాబట్టి డబ్బాలో బిగించి వచ్చినదే కొనండి, ఆంప్ లాగే కరెంటుకి రేటింగ్ సరిపోతుందో చూసుకోండి. మామూలు ఫిల్టర్ కండిషనర్ ఈ డీసీని ఆపదు. గానలహరి గారు ఏమీ అనుకోకూడదు.

యూఎస్‌బీకి వైద్యం ఇంకా తేలిక. డాక్‌కి, కంప్యూటర్‌కి ఆప్టికల్ ఉంటే అది వాడండి. అందులో వెలుగే తప్ప కరెంటు పారదు, కాబట్టి లూపే ఉండదు. 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ దాకా బెంగలేదు. అంతకు మించిన ఫైళ్లు వినేట్టయితే యూఎస్‌బీ ఐసొలేటర్ (రెండు వైపుల మధ్య కరెంటు దారి తెంపే పరికరం) పెట్టుకోండి, హై స్పీడుకి పనిచేసేదో కాదో చూసి. కంప్యూటర్ సాకెట్‌ని కూడా ఈ కొత్త లైను మీదికే తెప్పించండి. ఇంటికి త్రీ ఫేజ్ ఉంటే సిస్టమ్ మొత్తం ఒకే ఫేజు మీద ఉండాలి.

గానలహరి

అనుకోవడానికేముంది అండీ, మా ఇంట్లో కూడా డ్రయర్ పెట్టి చూస్తాను. 🙂

సాయంత్రం_రాగం

ఆప్టికల్ కేబుల్ ఇంట్లోనే ఉంది. పెట్టాను, స్పీకర్ మోత పోయింది. యాప్‌లో 50 దగ్గర గీత కూడా లేదు. ఎలక్ట్రీషియన్‌కి 4 స్క్వేర్, ఇంటి ఎర్త్ అనే చెప్పేశాను, డీసీ బ్లాకర్ వెతుకుతున్నాను. ఒక్క చివరి ప్రశ్న. సర్జ్ ప్రొటెక్షన్ (వోల్టేజీ ఒక్కసారిగా ఎగిసినప్పుడు కాపాడేది) ఎక్కడ పెట్టాలి, ఆంప్ దగ్గరా, డీబీలోనా?

పాత_ప్యానెల్

డీబీలో, టైప్ 2 ఎస్‌పీడీ (సర్జ్ నుంచి కాపాడే పరికరం). అన్నిటికంటే చూసుకోవలసింది దానికి వెళ్లే వైర్ల పొడవు: ఫేజు నుంచి దాని దాకా, అక్కణ్ణుంచి ఎర్త్ బార్ దాకా అన్నీ కలిపి అర మీటరు లోపు. ఎలక్ట్రీషియన్ అందంగా ఉంటుందని డబ్బా చుట్టూ తిప్పి కడతానంటే ఒప్పుకోకండి, పొడవు పెరిగితే అది ఉన్నా లేనట్టే. ముందు భాగంలో చిన్న కిటికీ ఉంటుంది. పచ్చ పోయి ఎరుపు కనిపిస్తే లోపలి కార్ట్రిడ్జ్ మార్చాలి.