స్పానిష్ 'పెర్రో': రోమనుల ముందరి మాటా, కాపరుల కేకా?

చర్చ ప్రారంభించినవారు:
లాటిన్‌లో కుక్కను 'కానిస్' అనేవారు. ఇటాలియన్‌లో అది 'కానె'గా నేటికీ నిలిచి ఉంది. స్పానిష్‌లో మాత్రం దాని సంతతి అయిన 'కాన్' కావ్యభాషకే పరిమితం కాగా, జనమంతా 'పెర్రో' అంటున్నారు. స్పానిష్ రాయల్ అకాడమీ నిఘంటువు దీని మూలం అనిశ్చితమనే చెబుతోంది. రోమనులకు ముందు ఐబీరియాలో (నేటి స్పెయిన్, పోర్చుగల్ ఉన్న ద్వీపకల్పంలో) ఉన్న ఏదో భాష నుంచి ఇది మిగిలిందని నేను నమ్ముతున్నాను. దూడను 'బెసెర్రో' అని, నక్కను 'సొర్రో' అని అంటారు. ఈ '-ర్రో' ధ్వని లాటిన్‌ది కాదు కదా!

జవాబు:
మాట చివరి ధ్వని ఒక్కటే ఆధారం కాలేదండి. గాడిదను తెలిపే 'బుర్రో' కూడా అలాగే ముగుస్తుంది, కానీ అది చిన్న గుర్రం అనే అర్థమున్న లాటిన్ 'బుర్రికుస్' సంతతికి చెందినది. పైగా, రోమనులకు ముందునుంచీ అక్కడే ఉన్న బాస్క్ భాషలో కుక్కను 'సకుర్' అంటారు, దానికీ 'పెర్రో'కూ పోలిక లేదు. 1611లో స్పానిష్ నిఘంటుకర్త కోవర్రూబియాస్ దీనిని నిప్పు అనే అర్థమున్న గ్రీకు మాటతో ముడిపెట్టాడు, అది నిలవలేదు. 20వ శతాబ్దంలో పదాల పుట్టుకను పరిశోధించిన భాషావేత్త జొవాన్ కొరోమినస్ చేసిన వివరణే నాకు బలంగా కనిపిస్తోంది: కాపరులు కుక్కను ఉసిగొల్పడానికో తరమడానికో పెదవులు అదురుతుండగా చేసే 'ప్ర్ర్ర్' అనే ధ్వనే ఆ జంతువుకు పేరైంది.

ఈ మాట అర్థచరిత్ర కూడా దీనికి అనుకూలంగానే ఉంది. మధ్యయుగాల్లో 'కాన్' గౌరవమైన మాటగా, 'పెర్రో' మోటుమాటగా పక్కపక్కనే బతికాయి. అన్యమతస్థులను 'పెర్రో' అని తిట్టడమూ అప్పటిదే. దుర్భరమైన బతుకును నేటికీ 'విదా పెర్రా' అంటారు. పండితుల భాషలోకి ఆలస్యంగా ఎక్కిన ఇలాంటి మాట పొలాల్లోనే పుట్టి ఉండాలని నా గట్టి అభిప్రాయం.

చర్చ ప్రారంభించినవారు:
బాస్క్ గురించి మీరన్నది ఒప్పుకుంటాను, అయితే రోమనులకు ముందు అక్కడే ఉండి అంతరించిన ఐబీరియన్, కెల్టిబీరియన్ భాషలను అది తోసిపుచ్చదు. మోటుమాట అయినంత మాత్రాన కొత్తగా పుట్టిందనీ చెప్పలేము. పల్లెల్లో శతాబ్దాలపాటు రాతకెక్కకుండా బతికిన పాతమాటకూ అదే గతి పట్టవచ్చు. ధ్వని అనుకరణ అనే వాదాన్ని ఏ మాటకైనా అంటించవచ్చు, కాదని నిరూపించడం కష్టం. అందుకే దానికి నేను తక్కువ విలువ ఇస్తాను.

జవాబు:
ఏ మాటకైనా అంటించవచ్చన్నది సరికాదు. పొరుగున ఉన్న కాటలాన్‌లోనూ 'కానిస్' సంతతిని పక్కకు నెట్టి 'గోస్' అనే మాట స్థిరపడింది, దానినీ కుక్కను పిలిచే కేకగానే వివరిస్తారు. కేకకు బదులు పాతభాషే మూలమైతే, ఆ భాషలో ఆ మాట ఉన్న ఒక్క శాసనమైనా చూపాలి.