ఇత్తడి పుల్లీ మీద తారులా కరిగిన రబ్బరు బెల్టును గీతలు పడకుండా తీయడం ఎలా?

మలక్‌పేట ఆడపడుచు:
నమస్కారం. అమ్మ వాళ్ల భజన బృందం 1988లో పాడుకున్న క్యాసెట్లు నాలుగు దొరికాయి. విందామని అటక మీది టేపు రికార్డరు దించి మూత విప్పాను. బెల్టు ఉండవలసిన చోట నల్లటి జిగురు మాత్రం ఉంది. అది వేలి నుంచి కొంగుకు, కొంగు నుంచి సోఫాకు పాకింది. మోటారు మీది చిన్న ఇత్తడి పుల్లీ గాడిలో అయితే గట్టిగా కరుచుకుపోయింది.

సబ్బునీళ్లకు కదలలేదు. కొబ్బరినూనె రాస్తే మెత్తబడి ఇంకా పాకింది. బ్లేడుతో గీకితే ఇత్తడి మీద సన్నని గీత పడింది. భయపడి ఆపేశాను. పక్కింటి పిన్నిగారు చింతపండుతో తోమమంటున్నారు. మా మరిది ఎమెరీ కాగితం తెచ్చి సిద్ధంగా కూర్చున్నాడు. ఎవరి మాట వినాలి?

తొందర మనిషి:
పెట్రోలులో గుడ్డ ముంచి తుడవండి. రెండు నిమిషాల పని.

పాత రేడియో మెకానిక్:
అమ్మా, ముగ్గురి మాటా వినవద్దు. కోఠీలో ఇరవై ఎనిమిదేళ్లు ఈ పనే చేశాను. పెట్రోలుకు రబ్బరు లొంగుతుంది కానీ దాని ఆవిరి ఇంట్లో ఉండకూడదు. చింతపులుపు ఇత్తడి చిలుమును వదిలిస్తుంది, రబ్బరు జోలికి పోదు. అసలు ముప్పు ఎమెరీ కాగితంతోనే.

క్యాసెట్టులో టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్లు నడవాలి. ఆ వేగం పుల్లీ లావును బట్టి ఉంటుంది. పుల్లీ అడ్డుకొలత 10 మిల్లీమీటర్లు అనుకోండి. చుట్టూ 0.3 మిల్లీమీటరు జిగురు మిగిలితే అది 10.6 అవుతుంది, వేగం 6 శాతం పెరుగుతుంది. మీ అమ్మగారి శ్రుతి ఒక స్వరస్థానం పైకి పోతుంది! ఎమెరీతో పుల్లీని అరగదీస్తే శ్రుతి కిందికి దిగుతుంది. ఒకవైపే అరిగితే పాట ఊగుతుంది.

ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తెచ్చుకోండి. చేతులకు రాసుకునే శానిటైజరు పనికిరాదు, అందులో నీళ్లూ గ్లిజరినూ ఉంటాయి. కిటికీలు తెరిచి, పొయ్యికి దూరంగా కూర్చోండి. ముందు ఐస్‌క్రీము పుల్లతో పైపొర తీయండి, చెక్క ఇత్తడిని గీయదు. తరువాత నూలుదారం ఆల్కహాలులో తడిపి గాడిలో రెండు చుట్లు చుట్టి, చల్లకవ్వం తాడులా అటూ ఇటూ లాగండి. దారం నల్లబడగానే మార్చండి. ఇరవై ముక్కలైనా పడతాయి, విసుక్కోవద్దు.

ఇంకొక సంగతి, ఇది చాలామంది పట్టించుకోరు. పుల్లీ కిందికి ఉండేలా మోటారును పట్టుకోండి. ద్రవం బేరింగులోకి జారితే లోపలి నూనె కడుక్కుపోతుంది. తరువాత మోటారు కీచుమంటుంది.

అద్దాలు తుడిచే అమ్మోనియా ద్రవం ఇత్తడికి వద్దు, రంగు చెడుతుంది.

రాణిగంజ్ లేత్:
మధ్యలో నా గొడవ. పాత యాంప్లిఫయరు ముందున్న అల్యూమినియం పలక మీద రెండువైపులా అంటుకునే నురగ టేపు ఉంది. కాస్టిక్ సోడా నీళ్లలో నానబెట్టనా?

పాత రేడియో మెకానిక్:
వద్దు బాబూ! జిగురు కంటే ముందు పలకే కరుగుతుంది. నీళ్లలో బుడగలు కనిపిస్తే అది హైడ్రోజన్. జుట్టు ఆరబెట్టే యంత్రంతో వేడి చేసి, మందపాటి దారంతో నురగను రంపంలా కోయండి. మిగిలిన జిగురు మీద ఆల్కహాలు తడిపిన దూదిని పావుగంట పెట్టి, ప్లాస్టిక్ కార్డుతో తోయండి. పలక మీది అక్షరాలు అచ్చువేసినవైతే ముందు ఒక మూల చూసుకోండి.

మలక్‌పేట ఆడపడుచు:
పదిహేడు ముక్కలు పట్టాయి! చివరి దారం తెల్లగానే వచ్చింది. నేను గీసిన గీత గోటికి తగులుతోంది. అది బెల్టును కోస్తుందా?

పాత రేడియో మెకానిక్:
గీతకు భయం లేదు. అంచు లేచి ఉంటే ఐస్‌క్రీము పుల్లతో అణచండి. బెల్టు తిరిగే దారి అంతా దారం పెట్టి కొలిచి, అంతకంటే ఐదు నుంచి పది శాతం చిన్నది కొనండి. బిగువు మరీ ఎక్కువైతే మోటారు ఈడవలేదు.

మలక్‌పేట ఆడపడుచు:
రేపు బెల్టు కొనడానికి గుజరాతీ గల్లీకి వెళుతున్నాను. ఎమెరీ కాగితం మరిదికి తిరిగి ఇచ్చేశాను, కిటికీ గొళ్లెం తుప్పు గీకుతున్నాడు. కొంగు మీది మరక ఆల్కహాలుకు సగమే పోయింది.