అప్‌డేట్: వైట్ శాండ్స్‌కి పిల్లలతో, మామూలు కారులో

టెక్సస్‌లోని ఎల్ పాసో నుంచి ఒక్కరోజులో న్యూ మెక్సికోలోని వైట్ శాండ్స్ (తెల్లటి జిప్సం ఇసుక దిబ్బల నేషనల్ పార్క్) చూసి రావచ్చా, ఫోర్ వీల్ డ్రైవ్ కావాలా అని అడిగాను కదా. చూసి రావచ్చు, అక్కర్లేదు. దిబ్బల్లోకి వెళ్ళే పార్క్ రోడ్డు, డ్యూన్స్ డ్రైవ్, 8 మైళ్ళు. మొదట తారు, తర్వాత గట్టిగా అణిచిన జిప్సం. సెడాన్ హాయిగా వెళ్తుంది.

బయల్దేరేముందు పార్క్ వెబ్‌సైట్లో క్షిపణి పరీక్షల మూసివేతలు చూడండి. పక్కనే మిస్సైల్ రేంజ్, పరీక్ష ఉంటే గంటల తరబడి దారి బంద్. లాస్ క్రూసెస్ వైపు హైవే 70 మీద బోర్డర్ పెట్రోల్ చెక్‌పోస్ట్ ఉంది. హెచ్-1బీ వీసా వాళ్ళు పాస్‌పోర్ట్, ఐ-94 (అమెరికాలోకి వచ్చిన రికార్డు) దగ్గరుంచుకోండి.

దిబ్బల మీంచి జారడానికి ప్లాస్టిక్ సాసర్ (కూర్చుని జారే పళ్ళెం లాంటిది) కావాలి, విజిటర్ సెంటర్ దగ్గర అమ్ముతారు. మైనం తప్పనిసరి. అది లేకపోతే జిప్సం పట్టేసి సగంలోనే ఆగిపోతుంది. అడుగుభాగమంతా రుద్దాలి, స్పీడు తగ్గితే మళ్ళీ రుద్దాలి. జారే వాలు కింద రోడ్డుగానీ పొదలుగానీ ఉండకూడదు. దిబ్బల మధ్య నేల గట్టిది, దెబ్బలు తగిలేది అక్కడే. తల ముందుకు పెట్టి జారనివ్వొద్దు.

ఈ ఇసుక మండుటెండలోనూ కాళ్ళు కాల్చదు, ఆ చల్లదనాన్ని నమ్మి నీళ్ళు తగ్గించొద్దు. విజిటర్ సెంటర్ దాటితే చుక్క దొరకదు, మనిషికి గాలన్ పట్టుకెళ్ళండి. తెల్లటి నేల ఎండని పైకి కొడుతుంది కాబట్టి సన్‌స్క్రీన్ గడ్డం కింద కూడా.

ఆల్కలీ ఫ్లాట్ ట్రెయిల్ పేరులోనే ఫ్లాట్. 5 మైళ్ళూ ఎక్కుడు దిగుడే, పిల్లలతో వద్దు. గాలి దుమారంలో తర్వాతి గుర్తు కర్ర కనబడకపోతే వెనక్కి తిరగండి.