డెక్సామెథాసోన్ మొదలయ్యాక నిద్ర లేదు, తొడల్లో బలం లేదు: ట్యూమర్ పెరిగినట్టా?

ప్రశ్న: మెదడులో ట్యూమర్. వాపు తగ్గడానికి డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ మందు ఉదయం 4, రాత్రి 4 మిల్లీగ్రాములు రాశారు. తలనొప్పి తగ్గింది గానీ రాత్రంతా మెలకువే. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవలేకపోతున్నారు. మందు ఆపేయొచ్చా?

జవాబు 1: ఆపకండి! వారాల తరబడి వాడాక హఠాత్తుగా మానేస్తే బీపీ పడిపోవచ్చు, మెదడు వాపు తిరగబెట్టొచ్చు. ఒంట్లో సహజ స్టెరాయిడ్ తయారుచేసే అడ్రినల్ గ్రంథులు అప్పటికి మందగించి ఉంటాయి, అందుకే మెల్లగా తగ్గిస్తారు. నిద్ర చెడగొట్టేది చాలావరకు ఆ రాత్రి డోసే. దాన్ని మధ్యాహ్నం 2 లోపలికి జరపొచ్చేమో డాక్టర్ని అడగండి. ఖాళీ కడుపుతో మాత్రం వద్దు.

జవాబు 2: రెండు తొడలూ ఒకేలా నీరసిస్తే ముందు స్టెరాయిడ్ మయోపతినే (స్టెరాయిడ్ వల్ల కండరాలు బలహీనపడటం) అనుమానిస్తారు. డోసు తగ్గించగలిగితే నెలల్లో కోలుకుంటుంది, ఈలోగా ఫిజియోథెరపీ. ఒకవైపు చెయ్యీ కాలూ పట్టు తప్పితే సంగతి వేరు, అది ట్యూమర్ వల్ల కావచ్చు. కాళ్ల నీరసంతో పాటు నడుంనొప్పి, మూత్రం ఆగిపోవడం ఉంటే వెన్నుపాము చూడాలి. ఈ రెండింటిలో ఏది కనిపించినా అదే రోజు ఆసుపత్రికి.

జవాబు 3: ఈ మందు షుగర్‌ని పెంచుతుంది. పరగడుపున బాగుందని నిశ్చింతగా ఉండకండి, ఉదయం డోసుకి అది పెరిగేది మధ్యాహ్నం, సాయంత్రం. నోట్లో తెల్లమచ్చలు వస్తే ఫంగస్. అన్నట్టు, ఫిట్స్‌కి లెవెటిరాసెటామ్ వాడుతుంటే చిరాకు, కోపం దానివల్ల కూడా కావచ్చు. ఇంట్లోవాళ్లు స్వభావం మారిందనుకుంటారు.