మారియో ఇటుకని పగలగొట్టేది తలతోనా, చేత్తోనా?

పాజ్‌బటన్:
నిన్న మా బావమరిదితో దీని మీద పెద్ద గొడవ, అందుకే ఇక్కడ పెడుతున్నా. సూపర్ మారియో వీడియో గేమ్, 1985 ది, మనందరం టీవీకి తగిలించి ఆడిందే. ఇటుకని తలతో గుద్దుతాడని మా వాడు. కాదు, పిడికిలితో. ఎగిరినప్పుడు పాజ్ కొట్టి చూడండి, ఒక చెయ్యి పైకి లేచి ఉంటది. చిన్నప్పుడు అందరం తల అనే అనుకున్నాం, పిల్లలం కాబట్టి సరే. ఇప్పటికీ అదే అంటే ఎట్లా?

రెండోరిమోట్:
తలే. నా దగ్గర సాక్ష్యం ఉంది, నెత్తి మీద కుట్లు. మంచం మీంచి ఎగిరి అటక చెక్కకి తల కొట్టుకున్నా, డబ్బులు రాలతాయని కాదు, మారియోకి ఎలా ఉంటదో చూద్దామని. మా వీధిలో ఇలా తల పగలగొట్టుకున్నోళ్లు ఇంకా ఉన్నారు, చేత్తో ప్రయత్నించినోడు ఒక్కడూ లేడు.

వానపిట్ట:
మీ కుట్లు మారియోకి సాక్ష్యం ఎలా అవుతాయి సార్?

బటన్‌మాస్టర్:
చెయ్యి.

గోదారిగట్టు:
తల. టోపీ ఎందుకు పెట్టుకున్నాడు మరి?

కోడ్‌కోటి:
ప్రోగ్రాం ప్రకారం చూస్తే బొమ్మ పైభాగంలో మధ్యన ఒక పాయింట్ ఉంటది, అది ఇటుకకి తగిలిందా లేదా అని చూస్తది, అంతే. అది తలా చెయ్యా అని గేమ్‌కి తెలీదు. మొత్తం గేమ్ 40 కేబీ, ఇప్పుడు వాట్సాప్‌లో వచ్చే గుడ్ మార్నింగ్ ఫొటో కూడా దానికన్నా పెద్దదే. మేఘం, పొద ఒకటే బొమ్మ, రంగు మార్చి పెట్టారు, కావాలంటే చూస్కోండి. చోటు లేక అంత పిసినారితనం చేశారు.

పాజ్‌బటన్:
కోటి బ్రో, పాయింట్ సంగతి కాదు, బొమ్మ సంగతి. బొమ్మలో చెయ్యి పైకి ఉందా లేదా? ఉంది. అయిపోయింది.

చిన్నక్క:
మీరు తలా చెయ్యా అని కొట్టుకుంటున్నారు గానీ, ఆ ఇటుకలు మనుషులని తెలుసా? ఆ గేమ్‌తో వచ్చిన ఇంగ్లీషు మాన్యువల్‌లోనే ఉంది, పుట్టగొడుగుల రాజ్యంలో జనాన్ని ఆ తాబేళ్ల రాజు మంత్రం వేసి రాళ్లుగా, ఇటుకలుగా, మొక్కలుగా మార్చేశాడని. అంటే మారియో పగలగొట్టే ప్రతి ఇటుకా ఒక మనిషే. పైగా ఇటుకకి 50 పాయింట్లు. ఇది చదివాక నాకు ఆ గేమ్ ఆడబుద్ధి కాలేదు.

పాజ్‌బటన్:
అక్కా, ఈ థియరీ చెప్పేవాళ్లంతా సగం మాన్యువలే చదువుతారు. ఇంకొంచెం ముందుకి పోతే, ఇటుకలుగా మారినవాళ్లు, కనపడకుండా పోయినవాళ్లు మారియోకి ఎదురైతే వాళ్లే బలం ఇస్తారని ఉంది. అంటే పుట్టగొడుగు, పువ్వు ఇచ్చే ఇటుకలే మనుషులు. అవి పగలవు, కొట్టినాక గట్టిగా అయిపోతాయి. పగిలేవి ఉత్త ఇటుకలు. హత్యలు లేవు, ఏం లేవు.

చిన్నక్క:
పగిలేవి మనుషులు కాదని ఎక్కడుంది? అది మీరు కలుపుకున్నది.

పాజ్‌బటన్:
మనుషులని కూడా ఎక్కడా లేదు కదా.

వానపిట్ట:
ఇద్దరూ ఒకే మాన్యువల్ పట్టుకుని కొట్టుకుంటున్నారు, బావుంది.

రెండోరిమోట్:
అసలు ఆ మాన్యువల్ ఎవడు చూశాడండీ? మాకు క్యాసెట్‌కి అట్టపెట్టె కూడా లేదు. 9999 ఇన్ 1 అని పసుప్పచ్చ క్యాసెట్, లోపల చూస్తే పట్టుమని పది గేములు, మిగతావన్నీ అదే మారియో ఇంకో లెవెల్ నుంచి మొదలు. మా కథ మేమే కట్టుకున్నాం. కోట చివర పుట్టగొడుగు తలకాయతో ఒక పిల్లోడు నిలబడి ఉంటాడు కదా, వాడు మారియో కొడుకు. ఏడు కోటల్లో ఏడుగురు కొడుకులు, ఎనిమిదో కోటలో వాళ్లమ్మ. రాక్షసుడు కుటుంబం మొత్తాన్నీ విడివిడిగా దాచేశాడు, నాన్న ఒక్కొక్కరినీ విడిపించుకుంటూ పోతున్నాడు. దీనికన్నా మంచి కథ మీ మాన్యువల్‌లో ఉందా చెప్పండి.

గోదారిగట్టు:
ఏడుగురు కొడుకులు సూపరు.

కోడ్‌కోటి:
లెక్క మాత్రం కరెక్టే, 1 నుంచి 7 దాకా కోటల్లో ఆ పిల్లోళ్లే, 8 లోనే రాకుమారి.

పాజ్‌బటన్:
కథ బానే ఉంది గానీ తప్పు. వాడి పక్కనే స్క్రీన్ మీద ఇంత పెద్ద అక్షరాల్లో రాసుంటది, థాంక్యూ మారియో, కానీ మా రాకుమారి వేరే కోటలో ఉంది అని. కొడుకు అయితే మా రాకుమారి అంటాడా? ఉన్నది చదవకుండా థియరీ కట్టి, దానికో దొంగ క్యాసెట్ సాక్ష్యం. చదువుకోండి ముందు.

రెండోరిమోట్:
ఆగండాగండి. చదువుకోండి అన్నారా?
మాది పంచాయతీ స్కూలు, తెలుగు మీడియం. మారియో ఆడేటప్పటికి మాకింకా ఏబీసీడీలు పెట్టలేదు. ఆ అక్షరాలు మాకు గోడ మీద ముగ్గుతో సమానం. మీరు స్క్రీన్ మీద చదివారు, మంచిది, మీ ఇంట్లో చదివించారు. మేము బొమ్మ చూసి తెలుసుకున్నాం. మేం ఆడింది ఆట కాదా అయితే? అప్పట్లోనూ ఇదే. కాన్వెంట్‌కి పోయే పక్కింటి పిల్లలు, నీకు ఇంగ్లీషు రాదు పక్కకి జరుగు, మేం ఆడి చెప్తాం అనేవాళ్లు. ఇన్నేళ్లకి మీరూ అదే మాట.

పాజ్‌బటన్:
నేను మిమ్మల్ని అనలేదండీ, జనరల్‌గా అన్నా. మాదేం జమీందారీ ఇల్లు కాదు, గంటకింత అని షాపులో కట్టి ఆడినోణ్ణి. డబ్బులు కట్టాను కాబట్టే ప్రతి అక్షరం చదివేవాణ్ణి. మీకు నచ్చింది మీరు నమ్మండి, కానీ గేమ్‌లో ఉంది అనొద్దు. అందరూ ఎవరికి తోచింది వాళ్లు ఉంది అంటే ఇంక గేమ్ తయారు చేసినోడు ఎందుకు?

చిన్నక్క:
తయారు చేసినవాళ్లే మాటిమాటికీ మార్చారు కదా. 1981 లో డాంకీ కాంగ్ అనే గేమ్‌లో మారియో వడ్రంగి, 1983 కల్లా ప్లంబర్ అయ్యాడు. వాళ్లు మార్చొచ్చు, పిల్లలు మార్చకూడదా?

పాజ్‌బటన్:
వాళ్లది కాబట్టి మార్చొచ్చు.

రెండోరిమోట్:
ఇదీ అసలు మాట. వాళ్లది, మీది. మాది మాత్రం కాదు.
నా పేరు రెండోరిమోట్ ఎందుకో చెప్తా. మా అన్న ఒకటో రిమోట్ ఎప్పుడూ ఇచ్చేవాడు కాదు. రెండోది నా చేతిలో పెట్టి, దీంతో తాబేళ్లు నడుస్తాయి, నువ్వు తాబేళ్లని చూస్కో అన్నాడు. ఆ ఎండాకాలం సెలవులంతా నేను తాబేళ్లని నడిపా. గొట్టానికి తగిలి వెనక్కి తిరిగితే నేనే తిప్పాననుకునేవాణ్ణి. మారియో చచ్చిపోతే నేనే చంపానని భయమేసి, అన్న తిడతాడని తాబేలుని ఆపడానికి బటన్లన్నీ నొక్కేవాణ్ణి. ఇప్పుడు మాన్యువల్ తీసి, నువ్వు అసలు ఆడనేలేదు అంటారు, అంతేగా?

బటన్‌మాస్టర్:
అయ్యో 😭 మా చెల్లికి నేనూ ఇదే చేశా.

కోడ్‌కోటి:
అన్నా, ఒకటి చెప్పనా. మారియోలో అది అబద్ధమే, ఒక్కరు ఆడే మోడ్‌లో రెండో రిమోట్ ఏం చేయదు. కానీ గన్‌తో బాతుల్ని కాల్చే డక్ హంట్ గేమ్‌లో, ఒక్క బాతు వచ్చే మోడ్‌లో, ఒకరు గన్ పట్టుకుంటే ఇంకొకరు రిమోట్‌తో నిజంగానే బాతుని నడపొచ్చు. 1984 గేమ్‌లోనే ఉంది అది, చాలామందికి తెలీదు.

రెండోరిమోట్:
నిజంగానా? మా క్యాసెట్‌లో డక్ హంట్ ఉండేది. గన్ మాత్రం అన్నదే.

పాజ్‌బటన్:
నిజమే, దాని మాన్యువల్‌లో కూడా ఉంది. చూశారా, అప్పుడే మాన్యువల్ చేతిలో ఉంటే మీకు బాతులన్నా దక్కేవి. మారియోలో కూడా ఇద్దరి మోడ్ పెడితే మారియో తమ్ముడు లూయిజీ టర్న్ రెండో రిమోట్‌దే. అది ఇవ్వకుండా తాబేళ్లు నడుపు అన్నాడంటే మీ అన్న మిమ్మల్ని మోసం చేశాడు, నేను కాదు.

రెండోరిమోట్:
మా అన్నని ఏమన్నా అంటే ఊరుకోను. మోసం ఏంటి, చిన్నపిల్లోడు ఏడవకుండా ఏదో ఒకటి చేతిలో పెట్టాడు. మీరు ఇటుకల సంగతి చూస్కోండి.