పాలు పడని అత్తయ్యకి చలికాలం సాయంత్రాలు చిక్కగా, ఘాటుగా ఏం కలిపివ్వాలి?

చలిమంట:
మాది ఆదిలాబాద్. ఇక్కడి చలి సంగతి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, డిసెంబర్లో పొద్దు గూకితే స్వెటర్ లేకుండా వరండాలో కూర్చోలేం. మా అత్తయ్యకి ఆ టైంకి అల్లం, యాలకులు దంచి వేసిన చిక్కటి చాయ్ పడాల్సిందే. కానీ ఈ మధ్య పాలు తాగితే చాలు, కడుపు ఉబ్బరం, విరేచనాలు. డాక్టర్ గారు చూసి, ఇది అలర్జీ కాదు, పాలల్లో ఉండే లాక్టోజ్ అరగడం లేదు, పాలు మానేయండి అన్నారు. పాలు లేని డికాషన్ చాయ్ ఇస్తే రెండు గుక్కలు తాగి గ్లాసు పక్కన పెట్టేస్తున్నారు. ఆవిడకి కావలసింది గొంతులోంచి దిగేటప్పుడు చిక్కగా, వెచ్చగా, కాస్త ఘాటుగా ఉండేది.

కొబ్బరిపాలల్లో శొంఠి, మిరియాలు, పసుపు, బెల్లం వేసి మరిగిస్తుంటే పైన నూనె తేలుతోంది, కింద విరిగినట్టు పలుకులు కడుతోంది, మసాలా పొడంతా అడుగున పేరుకుంటోంది. సోయా పాల ప్యాకెట్ తెచ్చి చాయ్‌లో పోస్తే అదీ విరిగింది. బాదం పాలు ఖరీదు ఎక్కువ, చిక్కదనం తక్కువ. ఆవిడకి షుగర్ లేదు, బీపీకి మాత్రం రోజూ మాత్ర వేసుకుంటారు. రోజూ చేసినా భారం కానిది, ఇంట్లో చేసుకోగలిగేది ఏదైనా ఉంటే కొలతలతో సహా చెప్పండి, ప్లీజ్.

కోనసీమ కొబ్బరి:
చలిమంట గారూ, కొబ్బరిపాలని వదిలెయ్యకండి, మీరు కోరుకునే చిక్కదనం ఉండేది వాటిలోనే. ఆవుపాలు, గేదెపాలు పొంగించినట్టు వాటిని పొంగించకూడదు, అంతే. బాగా మరిగితే అందులోని మాంసకృత్తులు గట్టిపడిపోయి కొవ్వుని పట్టి ఉంచలేవు, నూనె బయటికి వచ్చేస్తుంది. అందుకని ఘాటంతా ముందు నీళ్ళలో దింపుకోవాలి, పాలు చివర్లో కలపాలి.

ఒక గ్లాసు పానీయానికి నేను చేసేది చెప్తాను. ముప్పావు గ్లాసు నీళ్ళలో కచ్చాపచ్చాగా దంచిన శొంఠి పావు టీస్పూన్, నాలుగు మిరియాలు, రెండు యాలకులు తొక్కతో సహా, అరంగుళం దాల్చిన చెక్క, ఒక లవంగం వేసి సన్న మంట మీద నీళ్ళు సగమయ్యేదాకా మరగనివ్వండి. పొడి కాకుండా దంచినవి వేస్తే అడుగున పేరుకునే గొడవ ఉండదు, వడకట్టితే పోతుంది. బెల్లం కూడా ఈ నీళ్ళలోనే కరిగించి పల్చటి బట్టలో వడకట్టండి, బెల్లంలోని మట్టీ నలకా పోతాయి. ఆ కషాయాన్ని మళ్ళీ పొయ్యి మీద పెట్టి, అర టీస్పూన్ బియ్యప్పిండిని చన్నీళ్ళలో ఉండల్లేకుండా కలిపి పోసి ఒక్క ఉడుకు రానివ్వండి. ఇది మా అమ్మ పద్ధతి. ఆ కాస్త పిండి వల్ల చిక్కదనం వస్తుంది, తర్వాత పోసే కొబ్బరిపాలు విడిపోవు కూడా. అప్పుడు రెండోసారి పిండిన పల్చటి పాలు పావు గ్లాసు పోసి, మంట తగ్గించి, అంచుల దగ్గర సన్నగా ఆవిరి కనపడగానే దింపెయ్యండి. మొదటిసారి పిండిన చిక్కటి పాలు ఇంకో పావు గ్లాసు దింపాక కలపాలి. ఉప్పు రవ్వంత వేస్తే రుచి నిలబడుతుంది.

పాలకి బాగా ముదిరిన కాయ కావాలి, లేత కాయ అయితే పాలు పల్చగా వస్తాయి. తురుముని గోరువెచ్చటి నీళ్ళతో రుబ్బండి. మీ ఊరి చలిలో ఇంకో సంగతి ఉంటుంది. కొబ్బరి నూనె ఇంచుమించు 24 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలుపెడుతుంది, అందుకని పిండి పక్కన పెట్టిన పాలు మీ వంటింట్లో పైన తెట్టు కట్టి విరిగినట్టే కనపడతాయి. నిజానికి అవి విరగలేదు. గిన్నెని వేడినీళ్ళలో కాసేపు నిలబెట్టి గరిటెతో గిలక్కొడితే మళ్ళీ కలిసిపోతాయి.

పలాస పలుకు:
కొబ్బరి బాగానే ఉంటుంది కానీ రోజూ కాయ కొట్టి, తురిమి, పిండి, ఇంత పని ఎవరు చేస్తారండీ. జీడిపప్పు పాలు చూడండి. గుండ్లు అక్కర్లేదు, పలుకులు కొనండి, చవగ్గా వస్తాయి, రుబ్బేదానికి ఆకారంతో పనేముంది. గుప్పెడు పలుకులు వేడినీళ్ళలో అరగంట నానేసి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళు కొంచెం కొంచెంగా పోస్తూ వేళ్ళ మధ్య పలుకు తగలనంత మెత్తగా రుబ్బాలి. వడకట్టక్కర్లేదు, పిప్పి ఉండదు. జీడిపప్పులో పిండి పదార్థం ఉంటుంది కాబట్టి వేడి తగిలితే విరగదు, చిక్కబడుతుంది. మరీ చిక్కబడితే వేడినీళ్ళు పోసుకోవచ్చు.

మీ అత్తయ్యగారికి చాయే కావాలంటే దీనితో చెయ్యొచ్చు. అల్లం, యాలకులు, చాయ్‌పత్తా వేసి డికాషన్ మామూలు కంటే గట్టిగా దింపి, వడకట్టి, అందులో జీడిపాలు పోసి కలిపి రెండు నిమిషాలు వెచ్చబెట్టండి. మా ఇంటికి వచ్చినవాళ్ళు చాలామంది మామూలు చాయ్ అనుకునే తాగారు. ఒక్క హెచ్చరిక: పిల్లలెవరికైనా జీడిపప్పు పడకపోతే వాళ్ళ చేతికి ఈ గ్లాసు అందనివ్వకండి.

సోయా పాలు విరగడానికి కారణం కూడా చెప్తాను. వాటిలోని మాంసకృత్తులు పులుపు, వేడి రెండూ ఒకేసారి తగిలితే ముద్దకడతాయి. కాఫీలో అయితే ఇంకా త్వరగా విరుగుతాయి, చాయ్‌లో కూడా మరుగుతున్నప్పుడు పోస్తే అంతే. పాలని విడిగా వెచ్చబెట్టి, డికాషన్ కాస్త చల్లారాక కలిపితే చాలావరకు విరగవు.

రాగిజావ అభిమాని:
నాకు ఈ చర్చలో ఒకటి నచ్చలేదు, అందరూ పాలకి నకలు వెతుకుతున్నారు. మన దగ్గర పాలతో పనిలేకుండా చిక్కగా, వెచ్చగా ఉండేవి లేవా? రాగిజావలో శొంఠి, మిరియాల పొడి, యాలకులు వేసి తాటిబెల్లంతో ఇచ్చి చూడండి. రెండు టేబుల్ స్పూన్ల రాగిపిండిని చన్నీళ్ళలో కలిపి, మరుగుతున్న గ్లాసున్నర నీళ్ళలో పోసి ఆపకుండా తిప్పుతూ ఏడెనిమిది నిమిషాలు ఉడకనివ్వాలి. పచ్చివాసన పోయి రంగు ముదిరితే అయినట్టు. చాలామంది రెండు నిమిషాలకే దింపేసి జావ బాగోదంటారు, ఉడకని రాగి ఎవరికి నచ్చుతుంది చెప్పండి. మొలకెత్తించి ఎండబెట్టి పట్టించిన పిండి అయితే ఇంకా తేలిగ్గా అరుగుతుంది, కాస్త తియ్యదనం కూడా దానికదే వస్తుంది.

అసలు నేను రాయడానికి కారణం కాల్షియం. ఆ వయసులో పాలు మానేస్తే ఎముకల సంగతి ఎవరో ఒకరు చూడాలి కదా. వంద గ్రాముల రాగుల్లో 340 నుంచి 360 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది, ఆవుపాలల్లో వంద మిల్లీలీటర్లకి సుమారు 120. వినడానికి రాగిది మూడింతలు, కానీ గ్లాసు జావలో మనం వేసే పిండి 20 గ్రాములు, అంటే దానిలో వచ్చేది 70 మిల్లీగ్రాముల దగ్గరే. ఈ మాట ఎందుకు చెప్తున్నానంటే రాగి తాగితే పాలు తాగినట్టే అని అందరూ అనేస్తుంటారు, ఆ లెక్క సరిపోదు. జావ దింపే ముందు ఒక స్పూన్ నువ్వులు దోరగా వేయించి పొడి కొట్టి కలపండి. నువ్వుల్లో వంద గ్రాములకి వెయ్యి మిల్లీగ్రాముల పైనే ఉంటుంది, ఒంటికి పట్టేది అందులో కొంతే అయినా కొంత నయం, పైగా కమ్మటి వాసన. ఆకుకూరలు, చేపలు తింటారా లేదా కూడా చూసుకోండి.

మందుల చీటీ:
ఫార్మసీ చదువుకున్నాను, ఆ కోణంలో రెండు మూడు మాటలు. అలర్జీ కాదని మీరు ముందే రాయడం మంచిదైంది. లాక్టోజ్ పడనివాళ్ళలో చాలామందికి గట్టి పెరుగు కొంచెం పడుతుంది, తోడులోని బ్యాక్టీరియా లాక్టోజ్‌ని కొంత తినేస్తుంది కాబట్టి. నెయ్యిలో అది దాదాపు ఉండదు. పాల అలర్జీ ఉన్నవాళ్ళు మాత్రం ఇవన్నీ మానాల్సిందే. అందుకే ఇక్కడ చదివే మిగతావాళ్ళు రెండింటినీ ఒకటిగా చూడకండి.

అతిమధురం వెయ్యమని ఇంతవరకు ఎవరూ చెప్పలేదు కానీ, చలికాలం కషాయాల్లో చాలా ఇళ్ళలో వేస్తారు, రెడీమేడ్ కషాయం పొడుల్లోనూ ఉంటుంది. బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళకి అది రోజూ వద్దు. ఒంట్లో ఉప్పు, నీరు నిలిచిపోయి బీపీ పెరుగుతుంది, పొటాషియం తగ్గుతుంది. ప్యాకెట్ కొంటే వెనక్కి తిప్పి చదవండి.

పసుపు, మిరియాలు కలిపి వెయ్యడం గురించి కూడా: బెంగళూరు సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ పరిశోధకులు 1998లో ప్రచురించిన అధ్యయనంలో రెండు గ్రాముల కుర్కుమిన్‌తో పాటు 20 మిల్లీగ్రాముల పైపెరిన్, అంటే మిరియంలో ఉండే ఘాటు పదార్థం, ఇస్తే కుర్కుమిన్ ఒంటికి పట్టడం 20 రెట్లు పెరిగింది. అందరూ ఈ 20 రెట్ల మాటే చెప్తారు. కానీ పసుపులో కుర్కుమిన్ నూటికి మూడు పాళ్ళ దగ్గర ఉంటుంది, మనం గ్లాసులో వేసే అర టీస్పూన్‌లో అది 50 మిల్లీగ్రాములకి అటూఇటూ. కాబట్టి రుచికీ రంగుకీ వెయ్యండి, అది తాగుతున్నాం కదా అని మాత్రలు మాత్రం ఆపొద్దు. పసుపు పావు టీస్పూన్ చాలు, అంతకి మించితే మట్టి వాసన వస్తుంది.

డల్లాస్ తెలుగమ్మాయి:
ఇక్కడ మాకు కొబ్బరికాయ కొట్టే ఓపిక ఉండదు, డబ్బా కొబ్బరిపాలే గతి. కొనేటప్పుడు వంటకి వాడే చిక్కటి రకమా, తాగడానికి పల్చగా చేసిన రకమా అన్నది చూసుకోండి, రెండింటికీ పోలికే లేదు. ఇంట్లో ఓట్స్ రుబ్బి పాలు తీసి కాస్తే జిగటగా సాగుతుంది, నేనది ఇక చెయ్యను. బజార్లో దొరికే ఓట్స్ పాలల్లో ఎంజైమ్ కలిపి పిండిని విడగొడతారు, అందుకే అవి సాగవు. కాఫీ కోసమని విడిగా అమ్మే రకం అయితే వేడి చాయ్‌లో కూడా విరగదు.

చలిమంట:
అందరికీ చాలా చాలా థ్యాంక్స్. నిన్న కోనసీమ గారు చెప్పినట్టు బియ్యప్పిండి వేసి చేశాను, విరగలేదు. అత్తయ్య గ్లాసు మొత్తం తాగి, రేపు మిరియం ఇంకొంచెం పడనీ అన్నారు. జీడిపప్పు చాయ్ ఆదివారం చేస్తాను. రాగిజావ పొద్దున పూట ఇద్దామనుకుంటున్నాను, కాల్షియం సంగతి డాక్టర్ గారిని కూడా అడుగుతాను. మందుల చీటీ గారూ, మా ఇంట్లో ఉన్న కషాయం పొడి డబ్బా మీద అతిమధురం పేరు ఉంది, తీసి పక్కన పెట్టాను.

ఇంకో రెండు డౌట్లు. నేను వారంలో నాలుగు రోజులు స్కూల్ నుంచి వచ్చేసరికి ఆరున్నర అవుతుంది. పొద్దున్నే చేసి ఫ్లాస్కులో పోసి వెళ్తే సాయంత్రం దాకా ఉంటుందా? మసాలా ఒకేసారి దంచి పెట్టుకోవచ్చా?

సీమ ధనియాలు:
మసాలా సంగతి నేను చెప్తాను. మా ఇంట్లో ధనియాల కాఫీ పొడి ఎప్పుడూ ఉంటుంది, పాలు అసలు వెయ్యం. ధనియాలు నాలుగు పాళ్ళు దోరగా వేయించి, శొంఠి ఒక పాలు, జీలకర్ర అర పాలు, మిరియాలు పావు పాలు, కొద్దిగా యాలకులు కలిపి బరకగా కొట్టి గాజు సీసాలో పోస్తాం. నెల రోజులు ఘాటు తగ్గదు, ఆ తర్వాత వాసన పోతుంది కాబట్టి ఎక్కువ కొట్టుకోవద్దు. గ్లాసు నీళ్ళకి స్పూన్ పొడి, బెల్లం, ఐదు నిమిషాలు మరగడం, వడకట్టడం, అంతే. మీ అత్తయ్యగారికి చిక్కదనం కావాలంటే ఇందులోనే చివర్లో కొబ్బరిపాలు పోసి ఇవ్వండి, బాగా కుదురుతుంది.

కోనసీమ కొబ్బరి:
అత్తయ్యగారికి నచ్చినందుకు నాకు ఎంత సంతోషంగా ఉందో! ఫ్లాస్కు విషయంలో మాత్రం ఒక్కటి గట్టిగా చెప్తాను, కొబ్బరిపాలు కలిపింది పొద్దున పోసి సాయంత్రం ఇవ్వకండి. అన్ని గంటలు గోరువెచ్చగా ఉంటే పాడవుతుంది, ఆ వయసువాళ్ళకి కడుపుతో మళ్ళీ ఇబ్బంది. బియ్యప్పిండి లేని కషాయం ఒక్కటే బెల్లంతో సహా బాగా మరగబెట్టి, ఫ్లాస్కుని ముందు వేడినీళ్ళతో తొలిపి అందులో పోసి వెళ్ళండి. చిక్కటి పాలు ఆదివారం ఒకేసారి పిండి ఐస్ ట్రేలో గడ్డకట్టించి, గడ్డలు తీసి డబ్బాలో వేసి ఫ్రీజర్లోనే ఉంచండి. సాయంత్రం ఆవిడే రెండు మూడు గడ్డలు చిన్న గిన్నెలో వేసి సన్న మంట మీద కరిగించుకుని, వేడెక్కగానే ఫ్లాస్కులోని కషాయం పోసుకుని కలుపుకోవచ్చు. గ్యాస్ దగ్గర నిలబడే ఓపిక లేకపోతే గడ్డలున్న గిన్నెని వేడినీళ్ళ గిన్నెలో పెట్టుకుంటే కాసేపటికి అవే కరుగుతాయి.