తమ్ముడికి హాఫ్ మ్యాచ్ స్టెమ్ సెల్ ట్రాన్స్‌ప్లాంట్ అంటున్నారు, ఇది ఇంకా రీసెర్చేనా? ఇచ్చే అన్నయ్యకి ఏమైనా అవుతాదా?

రాజాం_అక్క:
అందరికీ నమస్తే అండి. మాది రాజాం దగ్గర పల్లె. మా తమ్ముడికి 26 ఏళ్ళు. జ్వరం తగ్గట్లేదు, పళ్ళు తోముకుంటే చిగుళ్ళ నుంచి రక్తం ఆగట్లేదని చూపిస్తే బ్లడ్ క్యాన్సర్ అన్నారు, ఏఎంఎల్ అంట. విశాఖలో కీమో ఇచ్చారు, మొదటి రౌండ్‌కే రెమిషన్ వచ్చింది, అంటే టెస్టుల్లో జబ్బు కనపడట్లేదన్నారు, గండం గట్టెక్కిందనుకున్నాం. ఇప్పుడేమో జీన్ రిపోర్టు బాలేదు, కీమోతో ఆపేస్తే తిరగబెట్టే ఛాన్స్ ఎక్కువ, రెమిషన్‌లో ఉన్నప్పుడే స్టెమ్ సెల్ ట్రాన్స్‌ప్లాంట్ (మూలుగలో రక్తం పుట్టించే కణాలు వేరేవాళ్ళవి తెచ్చి ఎక్కించడం) చేయించీయండి అంటున్నారు. నాకూ అన్నయ్యకీ హెచ్‌ఎల్‌ఏ టెస్ట్ (కణాల మీదుండే గుర్తులు ఎంత కలుస్తాయో చూసేది) చేశారు, ఇద్దరికీ సగమే కలిసింది. అన్నయ్యది తీసుకుని హాఫ్ మ్యాచ్‌తోనే చేస్తామన్నారు.

అప్పట్నించి ఇంట్లో గొడవే. మా పెదనాన్న ఏటంటారంటే సగం కలిస్తే సగమే పనిచేస్తాది, ఇదంతా రీసెర్చ్, మనోడి మీద ప్రయోగం చేస్తారు అని. అన్నయ్యది జూట్ మిల్లులో పని, ఇల్లంతా వాడి మీదే నడుస్తాది, మూలుగ తీసీస్తే మళ్ళీ బరువులెత్తగలడా అని మా వదిన ఒకటే ఏడుపు, ఆవిడ్ని తప్పు పట్టలేను, ఇద్దరు పిల్లలు. పోనీ నేనిస్తానంటే డాక్టరు గారు అన్నయ్యే బెటరన్నారు, ఎందుకో కనుక్కునేలోపే వెనక పేషెంట్లు వచ్చీసారు. తెలిసినోళ్ళు కాస్త వివరంగా చెప్పండి, ఈ వారంలో ఏదో ఒకటి తేల్చుకోవాలి.

విజయనగరం_సిస్టర్:
అక్కా, నాది విజయనగరమే, హైదరాబాద్‌లో ట్రాన్స్‌ప్లాంట్ వార్డులో నర్సుగా చేస్తున్నాను. మీ తమ్ముడి రిపోర్టులు నేను చూడలేదు కాబట్టి అతని సంగతి డాక్టరు గారే చెప్పాలి, నాకు తెలిసింది చెప్తాను, కొంచెం పొడుగవుతుంది.

పెదనాన్న గారికి చెప్పండి, ఇది నిన్నగాక మొన్న వచ్చిన ప్రయోగం కాదు. అమెరికాలో డొనాల్ థామస్ అనే డాక్టరు 1957 నాటికే మనుషులకి బోన్ మ్యారో, అంటే మూలుగ ఎక్కించారు. మొదట్లో దాదాపు అందరూ పోయారు, ఇది అయ్యే పని కాదని చాలామంది వదిలేశారు, ఆయన మాత్రం ఏళ్ళ తరబడి కుక్కల మీద పరిశోధన చేసుకుంటూ టిష్యూ మ్యాచింగ్ పట్టు దొరికాక మళ్ళీ మనుషుల దగ్గరకొచ్చారు. 1977లో వాళ్ళ టీమ్ 100 మంది అక్యూట్ లుకేమియా (వేగంగా ముదిరే బ్లడ్ క్యాన్సర్) పేషెంట్ల లెక్క బయటపెట్టింది, అంతా జబ్బు బాగా ముదిరిపోయినోళ్ళే, అందులో 13 మంది జబ్బు లేకుండా మిగిలారు. వినడానికి తక్కువే గానీ వాళ్ళు అసలు ఆశ వదిలేసిన కేసులు. మరి ముదిరేదాకా ఎందుకు ఆగడం, రెమిషన్‌లో ఉండగానే చేద్దాం అన్నది అక్కణ్ణించే వచ్చింది, మీ డాక్టరు గారు తొందరపెడుతున్నదీ అందుకే. ఆయనకి 1990లో నోబెల్ ఇచ్చారు. మన దేశంలో మొదటిది 1983లో ముంబై టాటా మెమోరియల్‌లో చేశారు.

ఇప్పుడు సగం మ్యాచ్ సంగతి. చాలామంది ఏమనుకుంటారంటే గట్టి కీమో ఇచ్చి మూలుగంతా ఖాళీ చేసి కొత్తది నింపుతారు, అంతే అని. కానీ అసలు పని ఆ తర్వాత ఉంటుంది. డోనర్ కణాల నుంచి పుట్టే కొత్త ఇమ్యూనిటీ లోపల దాక్కుని మిగిలిన క్యాన్సర్ కణాల్ని పరాయివిగా పట్టుకుని చంపుతుంది. ఇది ఎలా తెలిసిందంటే, అచ్చం ఒకేలా ఉండే కవలల్లో ఒకరిది ఇంకొకరికి ఎక్కిస్తే నూటికి నూరు శాతం మ్యాచ్ కదా, ఏ గొడవా ఉండదు, కానీ వాళ్ళలోనే జబ్బు ఎక్కువగా తిరగబెట్టింది! 1990లో రెండు వేలకు పైగా పేషెంట్ల లెక్కలు తీసి చూసినప్పుడు ఇది స్పష్టంగా తేలింది. కాబట్టి కొంత తేడా ఉండటం పూర్తిగా నష్టం కాదు.

మన ఉద్దానం వైపు కిడ్నీ మార్పిడి గురించి అందరికీ తెలుసు కాబట్టి దాంతో పోల్చి చెప్తాను. అక్కడ మన ఒళ్ళు కొత్త కిడ్నీని తిప్పికొడుతుందని భయం. ఇక్కడ ప్రధానంగా రివర్స్, కొత్తగా వచ్చిన కణాలే మన ఒంటి మీద పడొచ్చు, దాన్నే జీవీహెచ్‌డీ అంటారు, ఒంటి మీద దద్దుర్లు, విరేచనాలు, కామెర్లు అలా మొదలవుతుంది. ఇంకో తేడా, దీనికి బ్లడ్ గ్రూప్ కలవక్కర్లేదు, హెచ్‌ఎల్‌ఏ ముఖ్యం. గ్రూప్ వేరైతే తర్వాత పేషెంట్ గ్రూపే మారిపోతుంది, మా వార్డులో బి పాజిటివ్ వాళ్ళు ఓ పాజిటివ్ అయ్యి వెళ్తుంటారు.

హాఫ్ మ్యాచ్‌లో ఒకప్పుడు ఈ జీవీహెచ్‌డీనే ప్రాణం తీసేది. దాన్ని మార్చింది అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ వాళ్ళు. సైక్లోఫాస్ఫమైడ్ అని చాలా పాత కీమో మందు ఉంది, దాన్ని కణాలు ఎక్కించిన తర్వాత మూడో రోజు, నాలుగో రోజు ఇస్తారు. అప్పటికి పేషెంట్ ఒంటి మీద కోపంతో వేగంగా పెరుగుతున్న డోనర్ కణాలు ఆ మందుకి చచ్చిపోతాయి, స్టెమ్ సెల్స్ దగ్గర మాత్రం ఆ మందుని విరిచేసే ఎంజైమ్ ఎక్కువగా ఉంటుంది కాబట్టి అవి బతికిపోతాయి. నాకు ఈ పనంతటిలో అన్నిటికన్నా ముచ్చటేసే విషయం ఇదే. 2023లో వచ్చిన ఒక పెద్ద ట్రయల్‌లో, తక్కువ డోస్ కండిషనింగ్ (కణాలు ఎక్కించే ముందు ఇచ్చే కీమో) తీసుకున్న మ్యాచింగ్ డోనర్ పేషెంట్లకి కూడా ఈ మందు వాడి చూస్తే, ఏడాది తర్వాత జబ్బు తిరగబెట్టకుండా, పెద్ద జీవీహెచ్‌డీ లేకుండా ఉన్నోళ్ళు వందకి 53 మంది దాకా, పాత పద్ధతిలో 35 మంది. అంటే హాఫ్ మ్యాచ్ కోసం పుట్టిన పద్ధతి ఫుల్ మ్యాచ్ వాళ్ళకీ పనికొచ్చింది.

రిస్క్ లేదని మాత్రం అనను అక్కా. ఇన్ఫెక్షన్లు వస్తాయి, కొందరికి అంతా చేసినా తిరగబెడుతుంది. మొదటి వంద రోజులు ఆసుపత్రి దగ్గరలోనే గది తీసుకుని ఉండాలి, ఆ ఖర్చు కూడా లెక్కేసుకోండి.

కవిటి_కుర్రోడు:
అక్కా నేను డోనర్ని, మా చెల్లికిచ్చినాను. మీ వదినకి ఈ మెసేజ్ చదివి వినిపించండి. చాలామందికి ఇప్పుడు ఎముకలో గుచ్చి తీయట్లేదు, నాకూ రక్తం నుంచే తీసినారు. ముందు నాలుగైదు రోజులు పొట్ట మీద ఇంజెక్షన్లు వేస్తారు, దాంతో స్టెమ్ సెల్స్ మూలుగ నుంచి రక్తంలోకి వస్తాయంట, ఆ రోజుల్లో నడుము, తొడలు వరి కోతల తర్వాత లాగినట్టు లాగీసినాయి, పారాసెటమాల్‌తో సర్దుకుంది. తర్వాత మిషను దగ్గర పడుకోబెట్టి ఒక చేతి నుంచి రక్తం తీసి కణాలు వేరు చేసి ఇంకో చేతికి తిరిగెక్కిస్తారు, కొన్ని గంటలు పడతాది, మధ్యలో పెదాల చుట్టూ తిమ్మిరి ఎక్కి భయమేసి కేకేస్తే సిస్టర్ వచ్చి మిషన్లో వాడే మందు వల్ల కాల్షియం తగ్గిందని కాల్షియం ఇచ్చినారు, కాసేపట్లో పోయింది. చివరికి చూస్తే మామూలు రక్తం బ్యాగు లాంటిదే, అంత చిన్న సంచీ కోసమా ఇంత హైరానా అనిపించింది, మా అమ్మ దానికి దణ్ణం పెట్టుకుంది. మూలుగ తగ్గిపోవడం ఏటీ లేదక్కా, ఇచ్చిన కణాలు మళ్ళీ పుట్టుకొస్తాయి. నేను మళ్ళీ జీడితోటలో పనికెళ్ళిపోనాను, బస్తాలూ మోస్తున్నాను. అన్నయ్య మిల్లు నుంచి కొన్నాళ్ళు సెలవు పెట్టుకుంటే చాలు.

బొబ్బిలి_నుంచి:
ఒక్క విషయం చెప్పాలి, ఈ థ్రెడ్ చదివిన వేరే వాళ్ళు కంగారుపడకుండా. బ్లడ్ క్యాన్సర్ అంటే అందరికీ ట్రాన్స్‌ప్లాంట్ అక్కర్లేదు. మా నాన్నకి సీఎంఎల్, రోజూ మాత్రతో నడుస్తోంది. ఇమాటినిబ్ మాత్ర 2001లో వచ్చాక ఆ రకంలో ట్రాన్స్‌ప్లాంట్లు బాగా తగ్గిపోయాయి. ఏఎంఎల్‌లోనే ఏపీఎల్ అని ఒక రకం ఉంది, చాలామందికి ఆర్సెనిక్‌తో, విటమిన్ ఏ నుంచి వచ్చే మాత్రతో తగ్గిపోతుంది. కాబట్టి రాజాం అక్కయ్య గారూ, రిపోర్టులో ఏ మ్యుటేషన్ (జీన్‌లో మార్పు) ఉందో పేరు రాయించుకోండి, సెకండ్ ఒపీనియన్‌కి వెళ్తే మొదట అడిగేది అదే.

డబ్బు సంగతి: ఆసుపత్రిలో ఎన్టీఆర్ వైద్యసేవ వైద్యమిత్రని కలిసి ఏది కవర్ అవుతుంది, ఏది చేతి నుంచి పెట్టుకోవాలి అన్నది కాగితం మీద తీసుకోండి, నోటిమాట నమ్ముకోవద్దు. ఎస్టిమేట్ లెటర్ ఉంటే ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా సీఎం రిలీఫ్ ఫండ్‌కి పెట్టుకోవచ్చు. స్టెమ్ సెల్స్ పేరు చెప్పి షుగర్, మోకాళ్ళ నొప్పులు నయం చేస్తామనే వాళ్ళు వేరు, అలాంటివి ట్రయల్ బయట చేయకూడదని ఐసీఎంఆర్ (కేంద్రం వైద్య పరిశోధన మండలి) 2017 గైడ్‌లైన్స్‌లో ఉంది, రక్తం జబ్బులకి ట్రాన్స్‌ప్లాంట్ మాత్రం ఒప్పుకున్న వైద్యం. పెదనాన్న గారు ఆ రెండూ కలిపి విని ఉంటారు.

రాజాం_అక్క:
మీ అందరికీ ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలీట్లేదు. కవిటి తమ్ముడి మెసేజ్ వదినకి చదివి వినిపించాను, బస్తాలు మోస్తున్నాడన్న మాట రెండుసార్లు చదివించుకుంది. సిస్టర్, ఇంకొన్ని అడగొచ్చా? నాది ఎందుకు వద్దన్నారు? మా అమ్మానాన్నలది మేనరికం, దానికీ దీనికీ సంబంధం ఉందా? రెండు రోజుల్లో ప్లేట్‌లెట్లు కావాలంటున్నారు, చిన్నాన్న కొడుకులు ఇస్తామని రెడీగా ఉన్నారు, వాళ్ళనే పంపమంటారా?

విజయనగరం_సిస్టర్:
చివరిదానికి ముందు చెప్తాను, అర్జెంటు కాబట్టి. రక్త సంబంధీకులవి వద్దక్కా, తమ్ముడి ఒంట్లో వాళ్ళ కణాలకి వ్యతిరేకంగా యాంటీబాడీలు తయారైతే రేపు అన్నయ్య కణాలు నిలబడటం కష్టమవుతుంది. స్నేహితుల్ని, ఊళ్ళో కుర్రాళ్ళని పంపండి, చిన్నాన్న కొడుకులు వేరేవాళ్ళకి ఇవ్వొచ్చు. ఎవరిచ్చినా రేడియేషన్ చేసిన బ్యాగే ఎక్కించాలి, ట్రాన్స్‌ప్లాంట్ సెంటర్లో వాళ్ళకి తెలుసు, బయట ఎక్కడైనా ఎక్కించాల్సి వస్తే మీరే గుర్తుచేయండి.

మీది ఎందుకు వద్దన్నారంటే, మీకు పిల్లలున్నారు అనుకుంటున్నాను, కాన్పులైన ఆడవాళ్ళ కణాలు మగ పేషెంట్‌కి ఎక్కిస్తే జీవీహెచ్‌డీ కొంచెం ఎక్కువని లెక్కలున్నాయి, అందుకే వయసు తక్కువున్న మగవాళ్ళుంటే వాళ్ళవైపే మొగ్గుతారు. మీలో లోపం ఏమీ లేదు. మేనరికం మంచి ప్రశ్న, అలాంటి కుటుంబాల్లో తల్లిదండ్రులు, దగ్గర బంధువుల్లో కూడా అనుకోకుండా ఫుల్ మ్యాచ్ దొరకొచ్చు, అమ్మానాన్నలకీ టెస్ట్ చేశారా అని అడగండి. అన్నయ్యదే ఖాయమైతే డీఎస్‌ఏ టెస్ట్ అయిందా అని అడగండి, తమ్ముడి రక్తంలో ముందే అన్నయ్య మీద యాంటీబాడీలు ఉన్నాయేమో అందులో తెలుస్తుంది.

ఇంకొకటి, సిగ్గుపడకుండా వినండి. తమ్ముడికి పెళ్ళి కాలేదు కదా, కండిషనింగ్ కీమో తర్వాత పిల్లలు పుట్టకపోవచ్చు, ముందే వీర్యం ఫ్రీజ్ చేసి దాచుకోవచ్చు. ఇంట్లో ఎవరూ ఈ మాట ఎత్తరు, అన్నయ్యతో చెప్పించండి, డాక్టరు గారిని అడ్మిషన్‌కి ముందే అడగాలి.

రాజాం_అక్క:
అమ్మానాన్నలకి టెస్ట్ చెయ్యలేదు సిస్టర్, సోమవారం వాళ్ళని కూడా తీసుకెళ్తున్నాం. తమ్ముడితో ఆ మాట అన్నయ్య చెప్తానన్నాడు. మీరు చెప్పినవన్నీ కాగితం మీద రాసుకున్నాను, ఈసారి వెనక ఎంతమంది ఉన్నా అన్నీ అడిగే వస్తాను. ప్లేట్‌లెట్లకి ఓ పాజిటివ్ వాళ్ళు విశాఖలో ఎవరైనా ఉంటే ఇక్కడే మెసేజ్ పెట్టండి, బంధువులు కాకుండా నలుగురు కావాలి.